కూర్మారావు మేస్త్రి ఎంచుకున్న పెట్టె

నిన్న మధ్యాహ్నం ఒక తెల్ల కారు మా వర్క్‌షాపు గేటు దాటకముందే దాని వాసన లోపలికి వచ్చేసింది. పెట్రోలు పూర్తిగా కాలకుండా పొగగొట్టంలోంచి బయటపడితే ఒక ఘాటు ఉంటుంది. కళ్లు మండుతాయి, గొంతులో చమురు పూసినట్టు అయిపోతుంది. కారు యజమాని దిగుతూనే ఇప్పటికి ముగ్గురు మెకానిక్కులకు చూపించాననీ, ఒక్కరికీ అంతుపట్టలేదనీ చెప్పుకొస్తున్నాడు. నేను సగమే విన్నాను. ఇంజన్ ఎంత వేడెక్కిందో కంప్యూటరుకు చెప్పే తీగ ఎక్కడో వదులైంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు కుమ్మరిస్తోంది. ఆ మాట చెప్పడానికి లాప్‌టాప్ తెరవక్కర్లేదు. సొంతంగా మార్పులు చేయించుకున్న కార్లకు ఏ కంప్యూటరు నప్పుతుందో చెప్పడం, పెట్టాక దాన్ని ఇంజన్‌కు కుదిర్చడం విశాఖపట్నంలో ఇన్నేళ్లుగా నా బతుకుతెరువు. కానీ ఆ వాసన తగిలిన క్షణం నేను విశాఖపట్నంలో ఉండను. నౌపడ ఉప్పుమడుల పక్కన, ఆగిపోయిన ఒక పాత కారు వెనక సీట్లో ఉంటాను. నా ముందు కూర్మారావు మేస్త్రి వీపు ఉంటుంది. ఆ భుజం తట్టాల్సిన సమయంలో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. హైవే మీంచి కాశీబుగ్గ ఊళ్లోకి తిరిగే చోట ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు, అవసరమూ లేదు. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా సర్వీసు జీపులు నడిపేవాళ్లు, జీడిపప్పు వ్యాపారులు, కొబ్బరికాయల వ్యానులవాళ్లు అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. కార్బొరేటరు మరను స్క్రూడ్రైవరు కొసతో వెంట్రుకవాసి తిప్పి, తల పక్కకు వంచి విని, ఇంకొంచెం తిప్పి, యజమానికేసి చూడకుండానే "ఎల్లు" అనేసేవారు. ఆ బండి మళ్లీ ఆరునెలల దాకా ఆ గుమ్మం తొక్కేది కాదు. మనిషి పొడగరి, బక్కపలచన, మాట పొదుపు. నవ్వితే మాత్రం పైపన్ను ఒకటి విరిగిన సంగతి బజారందరికీ తెలిసేలా నవ్వేవారు. మాకు చుట్టరికమేమీ లేదు. మా వైపు నాన్నతో స్నేహమున్న ప్రతి పెద్దమనిషీ మావయ్యే కాబట్టి నాకూ ఆయన మావయ్యే.

నేను అప్పటికి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం రాక, నాన్న నడిపే రేడియో రిపేరు కొట్లో కూర్చుని ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటి మూడేళ్లో నాలుగేళ్లో అయింది. రేడియోలు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. వచ్చినవాళ్లలో సగం మంది టేపురికార్డరు బల్ల మీద పెట్టి, పెళ్లెప్పుడని నన్ను అడిగేవారు. నాకు ముక్కు మీద కోపం. అడిగినవాళ్ల మొహం మీదికి టంకం పొగ ఊదేదాన్ని. నాన్న తల పట్టుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే మావయ్య వచ్చి మా బల్ల మీద ఒక అల్యూమినియం పెట్టె పెట్టారు. విశాఖపట్నంలో తుక్కు కొట్టు నుంచి, గుద్దుకుపోయిన కారు ఇంజన్ ఒకటి తెచ్చి తన పాత కారులో బిగించారట. దానికి కార్బొరేటరు లేదు. ఎంత పెట్రోలు చిమ్మాలో, నిప్పు ఎప్పుడు పుట్టించాలో అన్నీ ఈ పెట్టే చూసుకుంటుంది. లోపల ఏముందో విప్పి చెప్పమన్నారు. చేతిలో ఇంత విద్య పెట్టుకుని ఈ గోల మీకెందుకు మావయ్యా అన్నాను, పెట్టె మరలు విప్పుతూ. జవాబు లేదు. ఇంకోసారి అడిగాను. అప్పుడూ లేదు. నాతో మాట్లాడ్డం ఆయనకు చిన్నతనంగా ఉంది కాబోలనుకుని మొహం మాడ్చుకున్నాను. తల ఎత్తి చూస్తే ఆయన నా నోటికేసే చూస్తున్నారు. "ఏటన్నావు?" అన్నారు. ఏమీ అనలేదన్నాను.

రెండు రోజుల తరవాత పెట్టె తిరిగివ్వడానికి షెడ్డుకు వెళ్లాను. ఆయన ఒక జీపు ముందు వంగి ఉన్నారు. మెకానిక్కులు పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని లోపలి చప్పుడు వింటారు. నాకు తెలుసు. ఆయన పిడిని చెవికి ఆనించలేదు. పళ్ల మధ్య కరిచి పట్టుకున్నారు. కళ్లు మూసుకుని, దవడలు బిగించి, పూజలో ఉన్నవాడిలా కదలకుండా ఉన్నారు. నేను వెనక నిలబడి మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి పార్వతమ్మ అత్త, ఆయన భార్య, ఇంట్లోంచి గబగబా వచ్చి ఆయన మోచెయ్యి తాకింది. ఆయన తిరిగి నన్ను చూశారు, నోట్లోంచి స్క్రూడ్రైవరు తీశారు. మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది, నాకు తెలిసిపోయిందని.

జీపు వెళ్లిపోయాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "నా సెవులు పోతన్నాయమ్మీ," అన్నారు. "ఎడం పక్కది పోయింది. కుడి పక్కది ఇంకొక ఏడాదో రెండేళ్లో అన్నాడు డాక్టరు. పళ్లకి కొంత తెలుత్తంది గాని, అదీ తగ్గిపోతంది. బండోళ్లకి తెలిత్తే ఒక్కడు నా గుమ్మం తొక్కడు." అల్లుడి జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన కోసం ఒక కుర్చీ సిద్ధంగా ఉందట. వచ్చే లారీలూ పోయే లారీలూ చూస్తూ కూర్చోవచ్చు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. అంతటి మనిషి భయపడ్డం నేను అదే మొదటిసారి చూడ్డం.

అప్పుడర్థమైంది ఆ పెట్టె సంగతి. రేపటి బండ్లన్నీ కంప్యూటరు బండ్లే. వాటిని తెర మీద అంకెలు చూసి సరిచేస్తారని ఎవరో చెప్పారు. చెవులతో చేసిన పని కళ్లతో చెయ్యగలడో లేదో ముందు తన కారు మీద చూసుకోవాలి. కుదిరితే షెడ్డు ఉంటుంది. కుదరకపోతే కుర్చీ ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. నాన్నకు కూడా చెప్పలేదు.

ఆ తరవాత నెలరోజులు కాశీబుగ్గ ఇంటర్నెట్ సెంటరులో నా కాపురం. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు ఒక టీ చల్లారిపోయేది. చదివింది కాగితాల మీద రాసుకుని షెడ్డుకు వెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుని, నోరు కనబడేలా కాగితం గడ్డం కిందికి పట్టుకుని చెప్పేదాన్ని. మూడు దారులున్నాయని తేల్చాను. ఆ ఇంజన్‌తో వచ్చిన పెట్టెనే ఉంచి, దానికీ ఇంజన్‌కూ మధ్య ఒక చిన్న పెట్టె పెట్టి, వచ్చే పోయే కబుర్లను కాస్త అటూ ఇటూ సర్దుకోవడం ఒకటి. పాతదాన్ని పూర్తిగా తీసేసి, విదేశాల్లో చేసిన గట్టి పెట్టె కొనడం రెండోది. నీళ్లు చొరవవు, ఉప్పుగాలి తగలదు, కానీ దాన్ని కోయంబత్తూరులో ఒక నిపుణుడు కుదిర్చి, తాళం వేసినట్టు సంకేతపదం పెట్టేసి ఇస్తాడు. మూడోది అసలు పెట్టే కాదు. విడి భాగాలుగా వచ్చే సర్క్యూట్ పలక. మనమే టంకం పెట్టుకుని కూర్చుకోవాలి. ప్రతి అంకే బయటికి కనిపిస్తుంది, ప్రతిదీ మార్చుకోవచ్చు. తేడా వస్తే మాత్రం అడగడానికి ఎవరూ లేరు.

నేను రెండోదాన్నే గట్టిగా చెప్పాను. నిజం చెప్పాలంటే మూడోదంటే నాకు భయం. మావయ్య అంతా విని, మూడింటికీ ఒకే ప్రశ్న వేశారు, చెడిపోతే ఎవరు చూస్తారని. మొదటిదానికి ఎవరో తెలియదన్నాను. రెండోదానికి కోయంబత్తూరు అన్నాను. మూడోదానికి కాసేపు నసిగి, "నేనే చూడాలి" అన్నాను.

"ఐతే అదే తెప్పించు."

ఉప్పుగాలి అన్నాను, దానికి మూత లేదన్నాను, నాకే సరిగా రాదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "కోయంబత్తూరోడు సెప్పింది నాను ఇనగలనేటి? నువ్వు రెండు ఈదులవతలున్నావు. నీ నోరు నాకు కనపడతాది." ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుందని అడుగుతారు. తెర మీద రంగులు ఎలా ఉంటాయని అడుగుతారు. చెడిపోతే ఎవరు చూస్తారని ఒక్కరూ అడగరు. నేనే ఎదురు అడుగుతాను, వాళ్లు నా వైపు వింతగా చూస్తారు.

పలక వచ్చాక మా కొట్లో వారం రోజులు టంకం పెట్టాను. విశాఖపట్నంలో పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించాం. మావయ్యకు తెర మీద అంకెలు ఇష్టం లేదు. అంకె చదివేలోపు ఇంజన్ ఇంకెక్కడికో పోతుందనేవారు. ఆయనకు ముల్లు కావాలి. మా కొట్లో పాడైన యాంప్లిఫయరు ఒకటి పడి ఉంది, పాట హెచ్చుతగ్గులకు ఊగే ముల్లు ఉన్నది. దాన్ని ఊడదీసి, పొగగొట్టంలో బిగించిన సెన్సరుకు కలిపి, స్టీరింగు పక్కన పెట్టాను. పెట్రోలు తక్కువైతే ముల్లు ఎడమకు, ఎక్కువైతే కుడికి. దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఆయన విరిగిన పన్ను కనబడేలా నవ్విన నవ్వు చూసి, డిప్లొమా పట్టా అందుకున్న రోజు కంటే ఎక్కువ పొంగిపోయాను.

కానీ ముల్లు అన్నీ చెప్పదు. ఇంజన్ కొట్టుకోవడం చెప్పదు, తడబడ్డం చెప్పదు. అది నేను చెప్పాలి. "ఏటినపడతంది?" అని అడిగేవారు. నేను ఏదో దడదడమంటోంది అనేదాన్ని. ఏ దడ? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? ఎన్నింటికొకసారి? నాకు తల ప్రాణం తోకకొచ్చేది. రోకటి పోటులా సమంగా ఉందా, మూడు పోట్లు వేసి నాలుగోది మరిచినట్టుందా? మా ఊరందరికీ తెలిసిన చప్పుడు, పెనంలో జీడిపిక్కలు చిట్లే చప్పుడు, అలా ఉందా? అలా ఉంటే నిప్పు తొందరగా పుడుతున్నట్టు. నేను విన్నది మాటల్లో పెట్టేదాన్ని, ఆయన అరచెయ్యి ఇంజన్ మీద పెట్టి నా పెదాలు చూస్తూ రెండింటినీ కలుపుకునేవారు. కొన్ని నెలలకు, నేను వాక్యం మొదలెట్టేలోపే ఆయన చెయ్యి లాప్‌టాప్‌లో సరైన మీట మీద ఉండేది. అంత దగ్గరగా నన్ను విన్న మనిషి అప్పటికీ లేరు, ఆ తరవాతా లేరు.

ఆయన పద్ధతి మరీ నిదానం. రోజుకు ఒకటే మార్పు. మార్చాక ఎప్పుడూ ఒకే దారి: మా జంట ఊరు పలాస నుంచి టెక్కలి దాకా హైవే, అక్కణ్నుంచి నౌపడ ఉప్పుమడుల మీదుగా సముద్రం కనబడేదాకా, మళ్లీ వెనక్కి. ఒకసారి ఓపిక చచ్చి, ఆయనకు చెప్పకుండా రెండు మార్పులు ఒకేసారి చేశాను. కారు అద్భుతంగా పరిగెత్తింది. ఉబ్బిపోయి సంగతి చెప్పేశాను. ఆయన రెండూ తీయించేశారు. దేనివల్ల బాగుపడిందో తెలియని బాగు రేపు ఎలా పోతుందో కూడా తెలియదన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. మూడో రోజు నేనే వెళ్లాను, ఎందుకంటే ఇంట్లో తోచలేదు.

అలా ఏడాదిన్నర గడిచింది. కుడి చెవి కూడా దాదాపు పోయింది. కారు మాత్రం మాట విన్నట్టు నడిచేది. టెక్కలిలో ట్రావెల్స్ నడిపే సూర్యనారాయణ గారని ఒకాయన ఆరు కొత్త కార్లు కొన్నారు, అన్నీ కంప్యూటరువే. ప్రతి చిన్నదానికీ విశాఖపట్నం తీసుకెళ్లలేక, కూర్మారావు మేస్త్రి కంప్యూటరు ఇంజన్ ఒకటి సొంతంగా కుదిర్చాడని విని, ఒకసారి ఎక్కి చూస్తానన్నారు. నచ్చితే ఆరు కార్ల పనీ మాకే. ఆరు కార్లంటే షెడ్డు నిలిచిపోయినట్టే. పార్వతమ్మ అత్త ఆ వారమంతా పాదాలు నేల మీద పెట్టి నడవలేదు.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. నౌపడ గాలికి కనెక్టర్ల లోపలి పిన్నులు పచ్చబడుతున్నాయి. నేను తోముతున్నాను, మళ్లీ పడుతున్నాయి. మా తీరంలో పడవ చెక్కకు ఉప్పు పట్టకుండా జీడిపిక్కల తొక్కు నుంచి తీసిన నూనె పూస్తారు. అది ఆరితే లక్కలా గట్టిపడుతుంది, ఏళ్ల తరబడి సముద్రంలో నానినా పడవకు ఏమీ కాదు. పడవను కాపాడేది పిన్నును కాపాడదా అనుకున్నాను. సూర్యనారాయణ గారు వచ్చేందుకు పది రోజుల ముందు, ఒక సన్నటి కుంచెతో ప్రతి కనెక్టరుకూ లోపలా బయటా పూసేశాను. మావయ్యకు చెప్పలేదు. రోజుకు ఒక మార్పే అన్న లెక్కలో ఇది మార్పు కిందికి రాదనుకున్నాను. పది రోజులూ కారు చక్కగానే నడిచింది.

ఆ రోజు సూర్యనారాయణ గారు ముందు సీట్లో, నేను వెనక. ఏదైనా తేడా వినిపిస్తే నేను మావయ్య భుజం తట్టాలి, అది మా ఏర్పాటు. టెక్కలి దాటేదాకా దివ్యంగా ఉంది. సూర్యనారాయణ గారు మాటకారి. ఒక ప్రశ్న తరవాత ఇంకో ప్రశ్న. జవాబు చెప్పాలంటే మావయ్య ఆయన పెదాలు చూడాలి. రోడ్డు కేసీ పెదాల కేసీ చూడ్డానికే రెండు కళ్లూ సరిపోయాయి, ముల్లు చూడ్డానికి మిగల్లేదు. ఉప్పుమడులు మొదలవుతుండగా ఇంజన్ గొంతు బరువెక్కింది. నాకు వినిపించింది. మూడు పోట్లు, ఒక తడబాటు. ఆ వెంటే వాసన. ముల్లు కుడికి ఒరిగి అక్కడే ఉండిపోయింది. నేను చెయ్యి ఎత్తాను. ఇప్పుడు తడితే ఆయన ఉలిక్కిపడతారు, ఎందుకు తట్టానని సూర్యనారాయణ గారు అడుగుతారు, అంతా బయటపడుతుంది. సర్దుకుంటుందేమోనని ఒక్క నిమిషం ఆగాను. ఆ నిమిషంలో వెనక రోడ్డంతా నల్లటి పొగ కమ్ముకుంది, ఇంజన్ దగ్గుతోంది, మావయ్య నవ్వుతూ ఏదో చెబుతూ యాక్సిలరేటరు ఇంకా తొక్కుతున్నారు.

"ఆపు మేస్త్రీ, ఆపు," అన్నారు సూర్యనారాయణ గారు. "ఆ సప్పుడు నీకు ఇనపడ్డం నేదేటి?"

కారు దానంతటదే ఆగింది. మావయ్య అప్పుడు ముల్లు చూశారు. స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఏదో ఒక సాకు చెబుతారని, నేనూ వంత పాడాలని సిద్ధమయ్యాను.

"నాకు ఇనపడదు బాబూ," అన్నారాయన నెమ్మదిగా. "రెండేళ్ల బట్టీ ఇనపడదు. ఇంజన్ని కళ్లతో సూసుకుంతన్నాను. ఇప్పుడు నీ కేసి సూసేను, దాని కేసి సూడనేదు."

ఉప్పు కుప్పలు పోస్తున్న ఆడవాళ్లు పని ఆపి మమ్మల్ని చూస్తున్నారు. నేను దిగి కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పాను. జీడి నూనె ఇంజన్ వేడికి కరిగి పిన్నుల మధ్యకు పాకి, అక్కడే ముద్దగా పేరుకుంది. వేడి సంగతి చెప్పే తీగ నుంచి కబురు ఆగిపోయింది. మావయ్య నా పక్కకు వచ్చి, వేలితో ఆ నల్లటి జిగురు తాకి, వాసన చూసి, నా మొహం చూశారు. నేను ఏడుస్తున్నాను. "పడవకి రాసీది బండికి రాసీసేవా," అని మాత్రం అన్నారు. పెట్రోల్లో తడిపిన గుడ్డతో ఇద్దరం తుడిచాం. కారు మళ్లీ స్టార్టయింది. సూర్యనారాయణ గారు చెడ్డమనిషి కాదు. టెక్కలిలో దిగుతూ మావయ్య చెయ్యి పట్టుకుని, ఈ వయసులో నీకెందుకీ అవస్థ మేస్త్రీ అన్నారు. ఆరు కార్లూ రాలేదు. వారం తిరక్కుండా ఊరందరికీ తెలిసిపోయింది.

నా నూనె వల్లే అని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను చెబుతానంటే చెప్పనివ్వలేదు. షెడ్డు ఇంకొక ఏడాది నడిచింది, ఆయనంటే ప్రాణం పెట్టే పది పదిహేనుమంది పాత జీపుల వాళ్లతో. నేను పక్కన నిలబడి చెప్పేదాన్ని, ఆయన చేసేవారు. దాచాల్సింది ఏమీ లేకపోవడంతో ఆ ఏడాదే మేము హాయిగా పనిచేశాం. అప్పుడు నాకు చెన్నైలో ఉద్యోగం వచ్చింది, ఇంజన్ల కంప్యూటర్లు పరీక్షించే చోట. నేను కూర్చిన పలక గురించి ఇంటర్వ్యూలో గంటసేపు అడిగారు. ఉత్తరం పట్టుకుని షెడ్డుకు వెళ్లి, నేను వెళ్లనన్నాను. నేను ఇక్కడుంటాననే కదా ఆ రోజు మూడోది తెప్పించమన్నారు, ఇప్పుడు నేను పోతే దాన్ని ఎవరు చూస్తారని అడిగాను.

"అప్పుడు నాకు నువ్వు గావాల, ఎంచుకున్నాను," అన్నారు. "ఇప్పుడు నువ్వు ఊరు దాటాల. ఎల్లు." బండి యజమానులకు చెప్పినట్టే, నా కేసి చూడకుండా చెప్పారు. పలాస స్టేషన్లో రైలెక్కాను.

నేను వెళ్లిన నాలుగు నెలలకు షెడ్డు మూసి, ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆదివారాలు ఫోన్ చేస్తే పార్వతమ్మ అత్త ఎత్తేది. ఆ వారం నేను ఏ ఇంజన్ పట్టుకున్నానో చెప్పి, దాని చప్పుడు నోటితో పలికేదాన్ని. అత్త దాన్ని ఆయన అరచేతిలో వేళ్లతో కొట్టి చూపించేది. తరవాత అత్త ఆయన అన్న మాట చెప్పేది, ఏ సిలిండరు, ఏ లోటు అని. పదింట ఏడుసార్లు సరిగ్గా చెప్పేవారు. మూడేళ్లు అలా గడిచాయి. నాకు పని పెరిగింది. ఆదివారాలు నెలకొకటయ్యాయి, ఆ తరవాత పండగలకయ్యాయి. దీనికి నా దగ్గర సాకు లేదు.

ఒక వేసవిలో ఇంటికి వెళ్లాను. మావయ్య బాగా తగ్గిపోయారు. కారు ఇంటి వెనక కొబ్బరాకుల పాక కింద ఉంది. నేను వస్తున్నానని కొత్త బ్యాటరీ పెట్టించి, పెట్రోలు పోయించి ఉంచారట. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, ఆయన మనసు బాగుండడం లేదు తల్లీ, బండి ఎలా ఉన్నా బాగుందనే చెప్పు అని బతిమాలింది. సరేనన్నాను. తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది, కానీ కుంటుతూ అందుకుంది. ఒక సిలిండరు అసలు పనిచెయ్యడం లేదు. మావయ్య అరచెయ్యి ఇంజన్ మీద పెట్టి, నా పెదాల కేసి చూశారు. ఎప్పటిలాగే ఏమినబడుతోందని అడిగారు.

"బాగుంది మావయ్యా. ఎప్పట్లాగే ఉంది."

ఆయన చెయ్యి తియ్యలేదు. తరవాత నా కేసి కాదు, ఇంజన్ కేసి చూస్తూ అన్నారు. "మూడోది కొట్టడం నేదు గదమ్మీ. నువ్వు కూడా నాకు అబద్దం సెప్పీసేవేటి?"

ఆయన గొంతులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. ఊరంతా ఆయన మొహం చూసి నవ్వుతూ, తల ఊపుతూ, ఆయనకు తోచింది ఆయన్ని అనుకోనిస్తున్నారు. భార్య, అల్లుడు, లారీలవాళ్లు, అందరూ. వాళ్లలో నేనూ చేరిపోయానని ఆయనకు అప్పుడే తెలిసింది. నేను ఇంజన్ ఆపేశాను. అత్త కేసి చూడలేకపోయాను. పనిముట్లు తీసుకుని, మూడో సిలిండరుకు పెట్రోలు చిమ్మే ముక్క ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ బిగించేసరికి మధ్యాహ్నమైంది. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మళ్లీ స్టార్టు చేశాను. ఈసారి ఆయన అడగలేదు. నేనే ఆయన ఎదురుగా కూర్చుని, ఏదీ వదలకుండా చెప్పాను. నాలుగూ కొడుతున్నాయి, నాలుగోది ఒక్క పిసరు వెనకబడుతోంది, ముందు బెల్టు కీచుమంటోంది, పొగగొట్టం దగ్గర చిన్న రంధ్రం ఉంది, లోపలెక్కడో వదులైన రేకు ఒకటి వణుకుతోంది. అవతల కొబ్బరిచెట్టు మీద కాకి అరుస్తోందని కూడా చెప్పాను. ఆయన నా పెదాలు చూస్తూ చూస్తూ కళ్లు మూసుకున్నారు.

"ఇప్పుడినపడతంది," అన్నారు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. నేను చెన్నై నుంచి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. తరవాత చెన్నై వదిలేసి విశాఖపట్నంలో ఈ వర్క్‌షాపుకు వచ్చేశాను. నా దగ్గరికి వచ్చే కారు యజమానులు ఇప్పుడు కూడా నన్ను మొహమాటం లేని మనిషంటారు, కొందరు మళ్లీ రారు. బండిలో ఏముంటే అది చెబుతాను, వినాలని ఉన్నా లేకపోయినా. అది ఆయన దగ్గర నేర్చుకున్న విద్య అనుకుంటారు నా సంగతి తెలిసినవాళ్లు. నాకైతే అంత గొప్ప చెప్పుకోవాలని లేదు. ఇన్నేళ్లలో ఆయనకు నేను వేలసార్లు చెప్పి ఉంటాను, ఏ ఇంజన్ ఎలా పలుకుతోందో. అవన్నీ నిజాలే, ఒక్కొక్కటే మరిచిపోతున్నాను. ఇంజన్ గురించి చెప్పిన అబద్ధం ఒక్కటే. అదొక్కటీ ఆయన మొహంతో సహా రోజూ గుర్తొస్తుంది.